ముఖచిత్రకారుడూ, మనమూ

మన సాహిత్యోద్యమంలో వస్తువు గురించి జరిగినంత చర్చ శిల్పం గురించి జరగలేదని చాలామంది అన్నారు. అందులో కొంత నిజముంది. కాని జరిగిన ఆ కాస్త చర్చలో సైతం ఒక మనిషి ఎన్నడూ కనిపించడు. కవి కనిపిస్తాడు, కథకుడు కనిపిస్తాడు, విమర్శకుడు కనిపిస్తాడు. పాఠకుడు కూడా అప్పుడప్పుడు దర్శనమిస్తాడు. పుస్తకానికి ముఖం దిద్ది, అక్షరానికి కొలత నిర్ణయించి, మన మాటను పాఠకుడి కంటిదాకా చేర్చే మనిషి మాత్రం ఎక్కడా కనిపించడు. పూర్వం అతన్ని ముఖచిత్రకారుడన్నాం. ఈనాడు గ్రాఫిక్ డిజైనర్ అంటున్నాం. పేరు మారింది. మన వ్యవహారం మాత్రం అంతగా మారలేదు.

ఏ సంఘం పుస్తకమైనా తీసుకోండి. రచనల ఎంపికకు నెలలు పడుతుంది. ముందుమాట ఎవరు రాయాలన్నదానికి రెండు సమావేశాలు జరుగుతాయి. ఆవిష్కరణ తేదీ, వేదిక, వక్తలు, అన్నీ నిర్ణయమైపోతాయి. ఇక నాలుగు రోజులుందనగా ఎవరికో గుర్తొస్తుంది: "అట్ట సంగతేమిటి?" అప్పుడు డిజైనర్‌కు ఫోను వెళుతుంది. రాత్రికి రాత్రి బొమ్మ కావాలి. ఎవరి రచనలో, ఎన్ని పేజీలో, ఎవరు చదువుతారో అతనికెవరూ చెప్పరు. చెప్పేదల్లా "ఉద్యమానికి సంబంధించిన పుస్తకం, కాస్త ఎర్రగా ఉండాలి" అన్న ఒక్క మాట. తీరా బొమ్మ వచ్చాక పదిమంది పది రకాలుగా పెదవి విరుస్తారు. అతను విసుక్కుంటాడు. "కళాకారుల తిక్క" అని మనం అంటాం. "వీళ్లకు కంటి సంస్కారం లేదు" అని అతనంటాడు. పుస్తకం వస్తుంది. స్నేహం పోతుంది.

ఈ తగవుకు కారణం కళాకారుల తిక్కా కాదు, మన కంటి సంస్కారమూ కాదని నా అభిప్రాయం. ఇది శ్రమ సంబంధాలకు చెందిన ప్రశ్న. డిజైనర్‌తో పని సాఫీగా సాగాలంటే మర్యాదలూ మంచి మాటలూ చాలవు. అతను చేసేది శ్రమ అనీ, ఆ శ్రమకు ముడిసరుకు కావాలనీ, వ్యవధి కావాలనీ, కూలి కావాలనీ, పేరు కావాలనీ మనం ఒప్పుకోవాలి. లోకంలోని శ్రమ అంతటినీ గుర్తించమని ఎలుగెత్తి చెప్పే మనం, మన బల్లకు అవతల కూర్చున్న మనిషి శ్రమను గుర్తించకపోతే ఆ చెప్పడానికి విలువేముంది?

నేనుండేది హనుమాన్ జంక్షన్‌లో. ఇక్కణ్ణించి బెజవాడ నలభై కిలోమీటర్ల చిల్లర. మిత్రుల పుస్తకాల అచ్చుపని చూసిపెట్టడం చాలా ఏళ్లుగా నా వంతుకొచ్చింది. చేతిలో సంచీ, సంచీలో ప్రూఫులు, గన్నవరం మీదుగా బస్సు ప్రయాణం, ఇదే నా సాహిత్య సేవలో పెద్ద భాగం. అందుచేత ఈ వ్యాసంలో సిద్ధాంతం కంటె అనుభవం పాలెక్కువ.

మా ఊరి పేరులోనే కూడలి ఉంది. ఆంజనేయస్వామి గుడి దగ్గర రోడ్లు కలుస్తాయి. ఒకటి బెజవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి గుడివాడకు, ఒకటి నూజివీడుకు. దారి తెలియని డ్రైవరు ఇక్కడ రెండు క్షణాల్లో బోర్డు చదివి బండి తిప్పాలి. అక్షరం చిన్నదైనా, పక్కన అనవసరపు బొమ్మ ఉన్నా, నేలరంగూ అక్షరం రంగూ కలిసిపోయినా అతను దారి తప్పుతాడు. కనుక బోర్డు మీద అక్షరం ఉన్నది అలంకారానికి కాదు, పనికి. పూర్వం ఈ కూడలి చుట్టూ చేతితో బోర్డులు రాసే పెయింటర్లుండేవారు. షాపు పేరు ఎంత దూరంనుంచి కనబడాలో వాళ్లు రోడ్డవతల నిలబడి చూసుకుని మరీ సుద్దముక్కతో గీత గీసేవారు. ఫ్లెక్సీ వచ్చాక ఆ చేతులు చాలా వరకు ఖాళీ అయినాయి. ఇప్పుడు ఒకే ఫ్లెక్సీమీద ఇరవై ముఖాలుంటాయి. ఒక్క అక్షరమూ చదవలేం. యంత్రం చవకైనంత మాత్రాన పని మెరుగుపడదనడానికి మా జంక్షనే సాక్ష్యం.

★

డిజైనర్ చేసే పనేమిటో ముందు తెలుసుకోవాలి. తెలియని పనిని గౌరవించడం సాధ్యం కాదు.

సీసపు అక్షరాల కాలంలో ముఖచిత్రం నలుగురి చేతులమీదుగా నడిచేది. చిత్రకారుడు తెల్లకాగితంమీద నల్లసిరాతో, అచ్చులో ఉండవలసిన దానికన్న పెద్దదిగా బొమ్మ వేసేవాడు. బ్లాకులు చేసేవాడు దాన్ని కెమేరాతో తగ్గించి, జింకు రేకుమీదికి దింపి, నత్రికామ్లంతో తినిపించి, చెక్కదిమ్మకు బిగించేవాడు. కంపోజిటరు పేరు కూర్చేవాడు. మెషీన్‌మాన్ అచ్చువేసేవాడు. రెండు రంగులు కావాలంటే రెండు బ్లాకులు కావాలి, కాగితం రెండుసార్లు మిషనెక్కాలి. రంగు రంగుకూ ఖర్చు పెరిగేది. ఆనాటి ముఖచిత్రాల్లో మనం మెచ్చుకునే పొదుపు వెనక ఈ ఆర్థికం కూడా ఉంది. ఒక్క నలుపు, ఒక్క ఎరుపు, మిగతాదంతా తెల్లకాగితం. ఉన్న రెండు రంగులతోనే లోకాన్ని చూపించాలి గనుక చిత్రకారుడు ముందు ఆలోచించి తరవాత కుంచె పట్టేవాడు.

తరవాత ఆఫ్‌సెట్ వచ్చింది. ఆ తరవాత డీటీపీ వచ్చింది. బ్లాకులవాడి పని, కంపోజిటరు పని, కొంతవరకు ప్రెస్సువాడి పని కూడా కంప్యూటరు ముందు కూర్చున్న ఒకే మనిషి నెత్తిన పడ్డాయి. చూసేవాడికేమో అతను కూర్చుని మౌసు కదుపుతున్నట్టుంటుంది. "రెండు నిమిషాల పనేగా, ఆ బొమ్మ కొంచెం ఇటు జరుపు" అంటాం. నలుగురి శ్రమ ఒకడిలో చేరిపోయినప్పుడు ఆ శ్రమ నాలుగు రెట్లయిందని అనుకోం. అసలు లేకుండానే పోయిందనుకుంటాం. యంత్రం శ్రమను కంటికి కనపడకుండా చేస్తుందన్న మాట చదువుకున్న మనమే ఇక్కడ దాన్ని మరిచిపోతాం.

మూడు ఉదాహరణలు చెబుతాను. మొదటిది పుస్తకం వెన్ను. 160 పేజీలంటే 80 ఆకులు. ఆకు మందం మిల్లీమీటరులో పదో వంతనుకుంటే వెన్ను 8 మిల్లీమీటర్లు. ఆ లెక్కతో అట్ట తయారయ్యాక ఎవరో మహానుభావుడు ఇంకో రెండు ఫారాల వ్యాసం తెస్తాడు. 32 పేజీలంటే 16 ఆకులు, వెన్ను ఒకటిన్నర మిల్లీమీటరు పైగా పెరుగుతుంది. వెన్నుమీది పేరు పక్కకు జారుతుంది. "ఒక్క వ్యాసమేగా చేర్చింది" అన్న మనకు ఆ జారుడు కారణం తెలియదు. నిందమాత్రం డిజైనర్‌కు చేరుతుంది.

రెండవది రంగు. కంప్యూటరు తెరమీద రంగు వెలుతురుతో ఏర్పడుతుంది. కాగితంమీద సిరాతో ఏర్పడుతుంది. ప్రెస్సులో మన ఎరుపు విడిగా ఉండదు. గులాబి ఛాయ సిరా, పసుపు సిరా ఒకదానిమీద ఒకటి పడితే ఎరుపు వస్తుంది. పసుపు ఎక్కువైతే నారింజ, గులాబి ఎక్కువైతే మరోటి. తెరమీద మండిపోయిన ఎరుపు కాగితంమీద చల్లారిపోతుంది. ఈ సంగతి తెలిసిన డిజైనర్ "ఈ ఎరుపు అచ్చులో రాదండీ" అంటే, అందులో రాజకీయం వెతికిన మిత్రులను నేనెరుగుదును!

మూడవది అన్నిటికన్నా ముఖ్యం, మన అక్షరం. ఇంగ్లీషు అక్షరం చాలావరకు ఒక గీతమీద కూర్చుంటుంది. తెలుగు అక్షరానికి పైన గుడి ఉంది, కింద ఒత్తుంది, ఒత్తుకింద ఒత్తు కూడా ఉంది. 'దారిద్ర్యం' అన్న ఒక్కమాట రాసి చూడండి, కిందికి ఎంత చోటు కావాలో తెలుస్తుంది. ఇంగ్లీషు పుస్తకాల కొలతతో పంక్తులు దగ్గరగా పేరిస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులను గుద్దుకుంటాయి. పేజీలు తగ్గించి కాగితం ఆదా చేద్దామని పంక్తుల మధ్య చోటు కోయమంటాం. కోసింది చోటు కాదు, పాఠకుడి చూపు. పదో తరగతితో చదువు ఆగిపోయిన కూలీ మన పుస్తకం చదవాలని కోరుతూ, అతని కళ్లకు ఆ కష్టం పెట్టడం ఏ ప్రజాసాహిత్యం?

★

రచయితా చిత్రకారుడూ కలిసి పనిచేసిన మంచి ఉదాహరణలు మనకు లేకపోలేదు.

మాధవపెద్ది గోఖలేనే తీసుకోండి. అభ్యుదయ కథకుడుగా 'మా గోఖలే' పేరు ఈ పత్రిక పాఠకులకు కొత్తగాదు. ఆయనే సినిమాల్లో కళాదర్శకుడై 1951లో 'పాతాళభైరవి'కీ, 1957లో 'మాయాబజార్'కీ పనిచేశాడు. కళాధర్ ఆయన సహచరుడు. గోఖలే కాగితంమీద ఊహించి గీసినదాన్ని కళాధర్ సెట్టుగా నిలబెట్టేవాడు. ఊహించే చెయ్యి ఒకటి, కట్టే చెయ్యి ఒకటి. రెంటికీ తెరమీద పేరుంది. ఈ పద్ధతి సినిమా పరిశ్రమకు తెలిసింది. మన ప్రచురణ సంఘాలకు ఎందుకు తెలియదు?

విజయవాడ ఏలూరు రోడ్డుకు కార్ల్‌మార్క్స్ రోడ్డని పేరు. తెలుగు పుస్తకం దశాబ్దాలుగా ఈ రోడ్డుమీద బతికింది. ఇక్కడి నవోదయ ప్రచురణలకు బాపు వేసిన ముఖచిత్రాలు చూసి పుస్తకం చేతికెత్తుకున్న పాఠకుల సంఖ్యకు లెక్కలేదు. బాపు అక్షరం కూడా బొమ్మే. ఆయన రాత చివరికి కంప్యూటరు అక్షరాల్లోకి కూడా వచ్చింది. ఆయన, ముళ్లపూడి వెంకటరమణ బాల్యమిత్రులు. 'బుడుగు' చదివినవాడికి ఆ మాటలు వేరు, ఆ బొమ్మలు వేరు అనిపించదు. ఇక ఏలూరులో పుట్టి, విజయవాడలో 'విశాలాంధ్ర'లో పనిచేసిన మోహన్ ఉన్నాడు. 2017లో కన్నుమూసేదాకా ఆయన ఎన్ని ప్రజాసంఘాలకు, ఎన్ని పుస్తకాలకు, ఎన్ని పోస్టర్లకు గీశాడో చెప్పడం కష్టం. మోహన్ గీతను మనం ఆస్తిగా చెప్పుకుంటాం. మంచిదే. కాని ఒక పెద్ద మనసు ఇచ్చినదాన్ని చూపించి, తరవాతి తరం కుర్రవాళ్లందరూ అట్లాగే ఇవ్వాలని శాసించడం న్యాయం కాదు.

బయటికి పోతే, కలకత్తాలో సత్యజిత్ రాయ్ సంగతి ఉంది. సినిమా తీయకముందు ఆయన ప్రకటనల కంపెనీలో చిత్రకారుడు. డి. కె. గుప్తా నడిపిన సిగ్నెట్ ప్రెస్సుకు ముఖచిత్రాలు వేసేవాడు. విభూతిభూషణుడి 'పథేర్ పాంచాలీ'కి పిల్లల సంక్షిప్త ప్రతి వేసేటప్పుడు దానికి బొమ్మలు గీసే పని రాయ్‌కి వచ్చింది. బొమ్మలకోసం ఆ పుస్తకం చదవడంలోనే సినిమా బీజం పడింది. 1955లో ఆ సినిమా ప్రపంచం ముందు నిలిచింది. ఇక్కడ గమనించవలసిందేమిటంటే, గుప్తా ఆయన చేతికి కొలత ఇచ్చి ఊరుకోలేదు, పుస్తకం ఇచ్చాడు. డిజైనర్ మన తొలి పాఠకుడు. చదవనివ్వకుండా బొమ్మ అడగడమంటే చేను చూపించకుండా పంట అడగడమే.

అన్నిటికన్న నన్ను ఆలోచింపజేసిన ఉదాహరణ మయకోవ్‌స్కీ, లిసిట్‌స్కీలది. 1923లో బెర్లిన్‌లో మయకోవ్‌స్కీ కవితలు పదమూడు ఒక చిన్న పుస్తకంగా వచ్చాయి. అవి పైకి చదవడానికి ఉద్దేశించిన కవితలు. లిసిట్‌స్కీ ఏం చేశాడు? సభలో నిలబడి చదివేవాడికి కావలసిన కవిత వెంటనే దొరకాలి గదా అని, పుస్తకం అంచున మెట్లుమెట్లుగా కోయించి, మెట్టుకో కవిత గుర్తు పెట్టాడు, మన షావుకారు ఖాతాపుస్తకంలో ఉన్నట్టు. బొమ్మలు కూడా ప్రెస్సులో ఉన్న అక్షరాలతో, గీతలతో, దిమ్మలతోనే కట్టాడు. కూర్చిన కంపోజిటరు జర్మన్, అతనికి రష్యన్ రాదు. ఐనా లిసిట్‌స్కీ పేజీ పేజీకీ వేసిచ్చిన నమూనా చూసి అతను పని చేశాడు. కవి తన కవిత దేనికో చెప్పాడు. డిజైనర్ అది ఎట్లాగో తేల్చాడు. కార్మికుడు నిర్మించాడు. ఎవరి పనిలో ఎవరూ వేలుపెట్టలేదు. ఎవరి పనీ ఎవరికీ తక్కువ కాలేదు. ఆ పుస్తకాన్ని ఈనాటికీ ప్రపంచమంతటా ముద్రణకళ విద్యార్థులు చూస్తున్నారు.

★

ఇక నా అనుభవం.

కొంతకాలం క్రితం మా ప్రాంతపు ఉపాధ్యాయ మిత్రులు కొందరు కౌలు రైతుల జీవితంమీద కథల సంకలనం వేయాలని సంకల్పించారు. డెల్టాలో కౌలు అంటే ఏమిటో ఈ పాఠకులకు వివరించనక్కర్లేదు. దున్నేవాడొకడు, కాగితంమీద పేరున్నవాడొకడు. 2011లో సాగుదార్లకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఐనా భూస్వామి సంతకం పెట్టడానికి జంకుతాడు, కౌలుదారు అడగడానికి జంకుతాడు. ఆ కథలన్నీ ఈ జంకు చుట్టూ తిరిగినవే.

బెజవాడలో ఒక అమ్మాయి డిజైనర్‌గా పనిచేస్తోంది. ఆమె దగ్గరికి వెళ్లాను. నేను మాట్లాడకముందే ఆమె మూడు ప్రశ్నలు వేసింది. "ఈ పుస్తకం ఎవరు చదవాలని మాస్టారూ? వాళ్లకు ఇది ఎక్కడ కనబడుతుంది? చదివాక మిగతాదంతా మరిచిపోయినా ఒక్కటి గుర్తుండాలంటే ఏది గుర్తుండాలి?" ఆ మూడో ప్రశ్నకు నేను ఒక్కణ్ణే జవాబు చెప్పడం భావ్యం కాదనిపించింది. అడిగి చెబుతానన్నాను. కథలన్నీ ఇచ్చి వచ్చాను.

ఆ ప్రశ్న మిత్రుల సమావేశంలో పెడితే మొదట అందరూ బొమ్మలే చెప్పారు. ఒకరు నాగలి అన్నారు. ఒకరు ఉదయిస్తున్న సూర్యుడన్నారు. ఒకరు పిడికిలి అన్నారు. ఒకరు కృష్ణా డెల్టా పటం, దానిమీద కథకులందరి ఫొటోలు అన్నారు. "ఆమె అడిగింది బొమ్మ కాదు, గుర్తుండవలసిన మాట" అని ఒక సైన్సు మేష్టారు అడ్డుపడ్డాడు. దానిమీద రెండు గంటల చర్చ జరిగింది. సంకలనం మొత్తానికి సారాంశం ఏమిటన్న ప్రశ్న అంతకుముందు ఏ సమావేశంలోనూ అంత నిక్కచ్చిగా రాలేదు. చివరకు తేలిన మాట ఇది: "సాగు చేసేవాడి పేరు ఎక్కడా లేదు." ఆ ఒక్క వాక్యం ఆమెకు పంపాం. దానితోపాటు, ఇకపై అభిప్రాయాలన్నీ ఒక్కరిద్వారానే ఆమెకు చేరాలని నిర్ణయమైంది. ఆ బాధ్యత నామీద పడింది.

పదిరోజుల తరవాత ఆమె చూపించిన ముఖచిత్రంలో నాగలీ లేదు, సూర్యుడూ లేడు. అది అడంగల్ కాగితం. వెలిసిన కాగితపు రంగు, నల్ల గడులు. 'పట్టాదారు పేరు' కింద అక్షరాలు నిండుగా ఉన్నాయి. 'అనుభవదారు పేరు' గడి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గడి కింద మాత్రమే, సన్నగా, ఒక ఎర్ర గీత. సంకలనంలోని ఒక కథలో కౌలుదారు ఆఫీసులో అడంగల్ తిరగేయించి తన పేరుకోసం వెతుక్కుంటాడు. ఆమె ఆ కథ దగ్గర ఆగింది.

మిత్రుల్లో దుమారం రేగింది. "ఇదేమిటి, రెవెన్యూ ఆఫీసు ఫారంలా ఉంది" అన్నారొకరు. "పోరాటమేది?" అన్నారు ఒక పెద్దాయన. ఆయన నలభై ఏళ్లు రైతుసంఘంలో పనిచేసిన మనిషి. ఆయన మాటను తోసిపుచ్చడానికి లేదు. ఆ అభ్యంతరాన్ని నేను ఉన్నదున్నట్టు ఆమెకు చేర్చాను. కాని "మార్చండి" అని కాక, "ఇందులో వేదన ఉందిగాని తిరుగుబాటు కనిపించలేదని పెద్దల అభిప్రాయం, మీరేమంటారు?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఎర్రగీత అందుకే పెట్టానండీ. కాని అది సంతకం గీతలాగే ఉండిపోయింది. అక్కడ ఎవరో రాయబోతున్నట్టుండాలి" అంది. రెండు రోజుల్లో ఆ గడి మూలన పెన్ను మోపిన ఎర్రటి చుక్క వచ్చింది. అక్షరం ఇంకా మొదలుకాలేదు. మొదలవబోతోంది. పెద్దాయన అది చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "ఇప్పుడు బాగుంది" అన్నాడు. ఆ చుక్క ఆమె ఒక్కతే పెట్టింది కాదు. ఆయన విమర్శ కూడా అందులో ఉంది.

అచ్చుకు ముందు ఆ నమూనా కాగితం జంక్షన్‌లో టీకొట్టు దగ్గర ఒక కౌలు రైతుకు చూపించాను. ఏమీ చెప్పలేదు. ఆయన తిప్పి తిప్పి చూశాడు. "పేరు కాడ ఖాళీగా ఉందేంటండీ మాస్టారూ? మాదేనా ఇది?" అన్నాడు. ముందుమాటలో ఆరు పేజీలు రాసిన విషయం ఆయన ఆరు క్షణాల్లో చదివాడు.

★

ఈ అనుభవంనుంచీ, ఇట్లాంటి మరికొన్నిటినుంచీ నాకు తేలిన సంగతులు కొన్ని ఉన్నాయి.

వైద్యుడి దగ్గరికి వెళ్లినవాడు రోగం చెప్పాలిగాని మందు చెప్పకూడదు. పిడికిలి వెయ్యమనడం మందు చెప్పడం. సాగుదారు పేరు లేదనడం రోగం చెప్పడం. రాతప్రతి పూర్తయ్యాకే డిజైనర్ చేతికివ్వాలి. సగం ఇచ్చి మిగతాది తరవాత అంటే అతని శ్రమను రెండుసార్లు వాడుకుని ఒకసారికే లెక్క కట్టడం. పదిమంది సమష్టిగా ఆలోచించాలి, ఒక్కరే మాట్లాడాలి. ఇది ప్రజాస్వామ్యానికి విరుద్ధం కాదు. పదిమంది పది ఫోనులు చేయడం ప్రజాస్వామ్యం కాదు, అరాచకం.

"బాగాలేదు" అన్నది విమర్శ కాదని విమర్శ వ్యాసాలు చదివే మనకు వేరే చెప్పాలా? ఒక కవితను మనం అట్లా కొట్టివేస్తే ఎవరూ ఊరుకోరు. ఎందుకు బాగాలేదో, ఎవరికి అందదో, ఏ అర్థం తప్పుతోందో చెప్పాలి. చివరి ప్రూఫు కాగితంమీద తీసి, తెరమీద కాక వెలుతుర్లో చూసి, బాధ్యుడైనవాడు సంతకం పెట్టాలి. ఆ తరవాత మార్పు కావాలంటే దానికి వేరే కూలి ఇవ్వాలి.

కూలి మాట వచ్చింది గనుక నిష్కర్షగా చెబుతాను. "ఉద్యమ సంస్థలకు డబ్బెక్కడిది?" అని మిత్రులడుగుతారు. నిజమే, లేదు. కాని కాగితంవాడికి అరువు పెట్టం, ప్రెస్సుకు బాకీ ఉంచితే పుస్తకం బయటికి రాదు, బైండింగుకు ఇస్తాం, ఆటోకు ఇస్తాం. త్యాగం చేయమని అడిగేది ఒక్క చిత్రకారుణ్ణే. ఒక సంస్థ సంగతి నాకు తెలుసు, పేరెందుకు? ఒక పేదింటి కుర్రవాడిచేత మూడేళ్లపాటు పోస్టర్లు వేయించుకుంది. ఆ బొమ్మలే కోసి, అతికించి, పేరు లేకుండా మళ్లీ మళ్లీ వాడుకుంది. అతను ఒకసారి అడిగితే "నీకు నిబద్ధత లేదు" అన్నారు. అతను ఇప్పుడు పెళ్లి ఫ్లెక్సీలు చేసుకుంటున్నాడు. అతన్ని మార్కెట్టు లాక్కుపోయిందని మనం వాపోవచ్చు. నెట్టింది మాత్రం మార్కెట్టు కాదు.

తక్కువ ఇవ్వగలిగితే ఆ తక్కువెంతో ముందే చెప్పాలి. అతను వద్దంటే అది అతని ఇష్టం, అప్పుడది విరాళం. విరాళాన్ని విరాళంగా పుస్తకంలో రాయాలి. అడిగి వసూలు చేసేది విరాళం కాదు, వెట్టి. వెట్టిమీద మన పూర్వులు ఎన్ని కథలు రాశారో ఒకసారి గుర్తు చేసుకుందాం.

ఐతే ఈ న్యాయం ఏకపక్షం కాదు. డిజైనర్‌కూ బాధ్యతలున్నాయి. తనకు నచ్చిన ఫాషనును ప్రతి పుస్తకంమీదా రుద్దేవాళ్లున్నారు. కథ చదవకుండా ఎక్కడో దొరికిన విదేశీ రైతు ఫొటో అతికించేవాళ్లున్నారు. పేరు చదవలేనంతగా అక్షరాన్ని వంకరలు తిప్పి అదే కళ అనేవాళ్లున్నారు. రూపాన్ని నిరాకరించడం ఒక పెడధోరణి ఐతే, రూపాన్ని పూజించడం మరొక పెడధోరణి. కూలి ఇచ్చి, పేరు ఇచ్చి, గౌరవం ఇచ్చినప్పుడే ఈ ధోరణులను నిలదీసే హక్కు మనకుంటుంది. ఉచితంగా చేయించుకున్నవాడు విమర్శించలేడు, బతిమాలగలడు.

ఇప్పుడు కొత్త మాట వినిపిస్తోంది. కృత్రిమ మేధకు నాలుగు మాటలు చెబితే నిమిషంలో అట్టబొమ్మ వస్తుంది, ఇక డిజైనర్‌తో పనేమిటని. బొమ్మ వస్తుంది, సందేహం లేదు. కాని "ఒక్కటి గుర్తుండాలంటే ఏది గుర్తుండాలి?" అని ఆ యంత్రం మా సమావేశాన్ని రెండు గంటలు కూర్చోబెట్టలేదు గదా. మనం నాగలి అంటే నాగలి ఇస్తుంది, పిడికిలి అంటే పిడికిలి ఇస్తుంది. మన అలవాటునే మనకు రంగువేసి తిరిగి ఇస్తుంది. మనకు కావలసింది మన మాటకు తలూపే పరికరం కాదు, మన పుస్తకాన్ని చదివి మనల్ని ప్రశ్నించే తోటి పనివాడు.

ఆ కథల సంకలనంలో ప్రచురణ వివరాల పేజీమీద 'ముఖచిత్రం' అన్న మాట పక్కన ఆ అమ్మాయి పేరు సంపాదకుల పేర్లతో సమానమైన అక్షరాల్లో వేశారు. అది పెద్ద విషయంగా నేను చెప్పడం లేదు. కాని సాగు చేసేవాడి పేరు కాగితంమీద లేదని బాధపడిన పుస్తకంలో, ఆ బాధకు రూపమిచ్చిన మనిషి పేరు లేకపోతే ఆ పుస్తకం అబద్ధమయ్యేది. మన సంఘాల శాఖలు తరవాతి పుస్తకం తలపెట్టినప్పుడు, ముందుమాట ఎవరు రాయాలన్న ప్రశ్నతో పాటే, మొదటి సమావేశంలోనే, ముఖచిత్రం ఎవరు వేస్తారు, వారికి ఎంత వ్యవధి, ఎంత కూలి అన్న ప్రశ్న కూడా ఎజెండాలో పెట్టాలి. ఇది కళాభిరుచికి సంబంధించిన చిన్న సంస్కరణగా కొందరికి తోచవచ్చు. నాకు మాత్రం మన రాజకీయాలకు మన ఇంట్లోనే జరిగే పరీక్షగా తోస్తోంది.